పినో బ్లాంక్ పేరుతో అమ్మిన తీగలు

నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంటికి వీకెండ్ వచ్చే పిల్లలు నన్ను వైన్ అంకుల్ అంటారు. డిన్నర్‌కి ఏ బాటిల్ తేవాలి అంకుల్ అని ఫోన్ చేస్తారు. నేను తాగేది తక్కువ, తెలిసింది ఇంకా తక్కువ. నా ఉద్యోగం సీసాలతో కాదు, తీగలతో. ఇరవై ఆరేళ్లు ఆరెగన్‌లో ఒక ద్రాక్ష నర్సరీలో మొక్కలు పెంచాను. ఆ ఫోన్లు చేసే మీలో చాలామంది ఇప్పుడు కొత్త ఉద్యోగాల్లో ఉన్నారు, వీసా కాగితాలు మేనేజర్ల చేతుల్లో ఉన్నాయి. అందుకే ఆ ఇరవై ఆరేళ్లలో నేను గొప్పగా చేసిన పని కాకుండా చేయకుండా ఉండిపోయిన పని చెప్పాలనిపించింది.

డెబ్బైల చివర్లో నేను అక్కడికి చేరాను. అంతకుముందు నాకు తెలిసిన ద్రాక్ష హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద పాకే అనాబ్-ఇ-షాహి. మా నాన్న అలాంటి ఒక తోటలో సూపర్‌వైజర్. నేను రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, ఎవరూ ఉద్యోగం ఇవ్వని రోజుల్లో ఈ నర్సరీ ఓనర్ ఇచ్చిన ఉద్యోగంలో దూరాను. ఆయన తాతల నాటి నుంచి హేజల్‌నట్ తోటలవాళ్లు. వాళ్లుండే లోయలో కొత్తగా ద్రాక్ష పిచ్చి మొదలవుతోందని పసిగట్టి నర్సరీ పెట్టాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ, చేతులు పెద్దవి.

ఆ లోయకి సముద్రం దగ్గరే. మధ్యలో ఒక కొండల వరస అడ్డం ఉంటుంది గానీ, ఒకచోట అది తెగిపోయి మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ సందులోంచి చల్లగాలి వచ్చి పడుతుంది. వేసవి చిన్నది. సెప్టెంబర్ దాటితే వాన ఎప్పుడు పట్టుకుంటుందో తెలీదు. అలాంటిచోట ద్రాక్ష అంటే ఒకటే పండు కాదు, రకం పేరే సర్వస్వం. పినో నుఆర్ అయితే ఎర్ర వైన్, దాని తొక్క పల్చన, వాన పడితే కుళ్లుతుంది. రీస్లింగ్ ఆలస్యంగా పండినా పులుపుతో నిలబడుతుంది. షార్డొనే ఎండ కోసం మొండికేస్తుంది. ఏ రకమో తెలిస్తే ఎప్పుడు కోయాలో, దేంట్లో పులియబెట్టాలో, ఎన్నాళ్లు ఆగాలో తెలుస్తుంది. పేరు తప్పయితే ఆ తర్వాత చేసే ప్రతి పనీ తప్పే.

ఆ పేరు రాసేది నేను. శీతాకాలంలో కొమ్మల కోసమే పెంచే తల్లి తోటలో కొమ్మలు కత్తిరించి, పెన్సిల్ పొడవు ముక్కలు చేసి, వంద చొప్పున కట్టలు కట్టి, ఒక్కో కట్టకి ట్యాగ్ వేసి తడి రంపపు పొట్టులో దాచేవాళ్లం. వసంతంలో నాటి వేర్లు వచ్చాక మళ్లీ తవ్వి రైతులకి అమ్మేవాళ్లం. ట్యాగ్ మీద చేతిరాత నాది.

తోట వెనకవైపు ఎనిమిది వరసలు పినో బ్లాంక్ ఉండేవి. తెల్ల ద్రాక్ష. నేను చేరక ముందే ఓనర్ ఎక్కడో దక్షిణాన ఒక పాత తోట పీకేస్తుంటే కొమ్మలు కొని తెచ్చి పెంచాడు. చేరిన మొదటి శీతాకాలంలోనే నేను వాటి కట్టలు కట్టాను. అవి కొన్నవాళ్లలో ఒక రిటైరైన దంపతులు ఉన్నారు. ఆయన హైస్కూల్‌లో లెక్కల మాస్టారు, ఆవిడ సంగీతం టీచర్. ఉన్నదంతా పెట్టి ఒక కొండవాలు కొని, ఐదెకరాలు ఆ తీగలే నాటారు. చిన్న వైనరీ పెట్టాలని వాళ్ల ఆశ. మొక్కలు ఎలా ఉన్నాయో చూడడానికి నన్ను పిలిచేవాళ్లు, చూశాక భోజనానికి కూర్చోబెట్టేవాళ్లు. ఆ ఊళ్లో నన్నూ నా భార్యనీ ఇంటికి పిలిచిన మొదటి మనుషులు వాళ్లే. మా ఆవిడ మాంసం తినదని ఆవిడ ప్రతిసారీ విడిగా ఒక బీన్స్ వంటకం చేసి పెట్టేది.

నాలుగో వేసవిలో నాకు అనుమానం మొదలైంది. యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ద్రాక్ష ఆకుల బొమ్మల పుస్తకం ఒకటి తెప్పించుకుని లంచ్ టైమ్‌లో తల్లి తోటలో తిరిగేవాణ్ణి. పినో నుఆర్ సరిపోయింది, రీస్లింగ్ సరిపోయింది. వెనక ఎనిమిది వరసలు సరిపోలేదు. పుస్తకంలో పినో బ్లాంక్ ఆకుకి కొంచెం కొంచెంగా మూడు విభాగాలు కనిపిస్తాయి. మా ఆకు దాదాపు గుండ్రం, అంచులు వెనక్కి ముడుచుకున్నట్టు ఉంటుంది. పేజీలు తిప్పుతూ పోతే అలాంటి ఆకు ఒక్కటే దొరికింది. దాని పేరు మెలోన్. ఫ్రాన్స్‌లో ఒక పెద్ద నది సముద్రంలో కలిసేచోట పండిస్తారట.

కొమ్మలు కత్తిరించే ముఠాకి పెద్ద ఒక మెక్సికన్ ఆవిడ. మిచోకాన్ నుంచి వచ్చింది. వ్యవసాయం చదివినవాణ్ణి కాబట్టి నన్ను ఇంజినీర్ అని పిలిచేది, వాళ్ల వైపు అలాగే అంటారట. నేను పుస్తకం పట్టుకుని నిలబడితే ఆవిడ వచ్చి బొమ్మ చూసి, మేం వీటిని ఎప్పటినుంచో గుండ్రాకులు అంటున్నాం, పినో బ్లాంక్ అని పిలిచేది మీ ఆఫీసువాళ్లే, అని తన పనికి తను వెళ్లిపోయింది.

నేను ఓనర్ దగ్గరికి వెళ్లాను. ఆయన బొమ్మ చూశాడు, ఆకు చూశాడు. కొన్నప్పటి బిల్లు తీసి టేబుల్ మీద పెట్టాడు. దాని మీద పినో బ్లాంక్ అని ఉంది. నేల మారితే ఆకు మారుతుంది, పుస్తకం చూసి వ్యాపారం చేయలేం అన్నాడు. ఆ టేబుల్ మీదే, ఆ బిల్లు పక్కనే, నా గ్రీన్ కార్డ్ ఫైల్ కూడా ఉంది. లాయర్ పంపిన కాగితాల మీద ఆయన సంతకాలు పెట్టాల్సి ఉంది. ఆయన నన్ను బెదిరించలేదు, ఆ రోజు ఆ ఫైల్ మాటే ఎత్తలేదు. ఆ రెండు కాగితాలనీ ఒకటిగా కలిపి చూసుకున్నది నేనే. పుస్తకం లైబ్రరీకి తిప్పి పంపేశాను.

ఆ తర్వాత నాకు స్థిమితం లేదు. పనిలో ఉన్నా ఇంట్లో ఉన్నా కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. మా ఆవిడ ఏదో అడిగితే ఇంకేదో జవాబు చెప్పేవాణ్ణి. ప్రతి శీతాకాలం ఆ కట్టలకి ట్యాగ్‌లు రాస్తుంటే అక్షరాలు చిన్నవైపోయేవి. ఒకసారి ఓనర్ చూసి, ఇదేంటి, చీమలు పాకినట్టు రాశావు, మళ్లీ రాయి అన్నాడు. మళ్లీ రాశాను.

ఈలోగా దంపతుల తీగలు కాపుకొచ్చాయి. పినో బ్లాంక్‌తో వైన్ ఎలా చేయాలో పుస్తకాల్లో ఎలా ఉంటే అలా చేశారు. పండు బాగా పండేదాకా ఆగారు, కొత్త ఓక్ పీపాల్లో పోశారు, ఏడాది దాచారు. మాస్టారు ప్రతి రోజు టెంపరేచరూ పులుపూ ఒక నోట్‌బుక్‌లో రాసేవాడు. మొదటి ఏడాది వైన్ గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. చెక్క వాసన తప్ప ఏమీ లేదు. నోట్లో పోసుకుంటే నీళ్లలా జారిపోయింది. రెండో ఏడూ అంతే.

ఆ సాయంత్రం ఆవిడ ప్లేట్లు తీస్తూ, పళ్లు బాగానే ఉన్నాయి, మా చేతుల్లోనే ఏదో లోపం ఉంది అంది. ఆయన నోట్‌బుక్ తిరగేస్తూ, ఈ వయసులో కొత్త పని నేర్చుకోవడం మావల్ల కాదేమో అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"తీగలు ఇంకా చిన్నవి కదా. ఇంకో రెండేళ్లు చూడండి" అన్నాను.

నేను చెప్పిన అబద్ధాలన్నింట్లోకీ అదే పెద్దది. ఆవిడ ఎంత సంతోషించిందంటే, కారు దాకా వచ్చి మా ఆవిడ చేతిలో ఒక ఆపిల్ పై పెట్టింది. ఆ మాట పట్టుకునే వాళ్లు కొండవాలు పై భాగంలో ఇంకో నాలుగెకరాలు అదే రకం నాటాలని నిశ్చయించుకున్నారు. ఆ ఆగస్టు చివర ఒక శనివారం నర్సరీకి వచ్చి ఆర్డర్ మీద సంతకం పెడతామన్నారు.

సరిగ్గా అదే వారం ఒక ఫ్రెంచ్ పెద్దాయన లోయకి వచ్చాడు. ఆకు చూసి ద్రాక్ష రకం చెప్పడమే ఆయన జీవితం. రైతులంతా కలిసి పిలిపించి, తోట తోటకీ తిప్పుతున్నారు. గురువారం మా నర్సరీ వంతు. పొద్దున్నే ఓనర్ నన్ను పక్కకి పిలిచి, ముందువైపు చూపించు చాలు, వెనక అడిగితే పురుగుమందు కొట్టాం, వెళ్లకూడదని చెప్పు అన్నాడు.

పెద్దాయన నెమ్మదిగా నడిచాడు. ఆకుని పట్టుకుని అడుగుభాగం బొటనవేలితో తడిమి, పేరు చెప్పి వదిలేసేవాడు. ఒక్కటీ తప్పలేదు. చివర్లో వెనకవైపు చెయ్యి చూపించి అక్కడేముంది అన్నాడు. నేను మందు కొట్టామని చెప్పాను. ఆయన నా మొహం ఒక క్షణం చూసి, తలూపి, కారెక్కి వెళ్లిపోయాడు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ముఠా పెద్ద వచ్చి పక్కన నిలబడింది.

"మందు ఎప్పుడు కొట్టాం, ఇంజినీర్?"

అంతే అంది. నేను చేతులు తుడుచుకుని కారెక్కాను.

ఇంటికెళ్లి మా ఆవిడకి మొత్తం చెప్పాను. అప్పటిదాకా ఆమెకీ చెప్పలేదు. ఆమెకి అప్పుడు ఆరో నెల. కోప్పడుతుందనుకున్నాను. ఫైల్ ఆగిపోతే ఏమవుతుందని అడిగింది. వెనక్కి వెళ్లాల్సి రావచ్చు అన్నాను.

"వెళ్దాం. కానీ శనివారం వాళ్లు సంతకం పెడుతుంటే మీరు పక్కన ఎలా నిలబడతారు?"

శుక్రవారం తెల్లవారగానే తోటకి వెళ్లి, వెనక వరసల్లోంచి నాలుగు ఆకులూ ఒక గుత్తీ కోసి, తడిపిన న్యూస్‌పేపర్‌లో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని హైవే పక్కన మోటెల్‌కి డ్రైవ్ చేశాను. పెద్దాయన ఆ ఉదయమే ఫ్లైట్‌కి వెళ్లిపోతున్నాడు. కాఫీ షాప్‌లో టోస్ట్ తింటున్నాడు. నేను డబ్బా మూత తీశాను. ఆయన ప్లేట్ పక్కకి జరిపి, ఆకుని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి, తిప్పి చూసి, కింద పెట్టి మెలోన్ అన్నాడు. అర నిమిషం కూడా పట్టలేదు. మూడు వేసవులు నన్ను తిన్న సంగతి ఆయన టోస్ట్ చల్లారేలోపు తేల్చేశాడు.

తర్వాత నన్ను కూర్చోమన్నాడు. ఆ పేరు మీకు ముందే తెలుసు కదా అన్నాడు. అవునన్నాను.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

నా మాట ఎవరూ నమ్మరు కాబట్టి అన్నాను. ఎంతమందికి చెప్పారని అడిగాడు. లెక్క చూసుకుంటే ఒక్కడికి. ఓనర్‌కి, ఒక్కసారి. ఆయన కాగితం మీద రకం పేరు రాసి, కింద సంతకం చేసి ఇచ్చాడు. దీన్ని ఇక్కడ ఎలా చేస్తున్నారని అడిగితే, మాస్టారి పీపాల సంగతి చెప్పాను. ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. ఇది సముద్రం పక్క ద్రాక్ష, కొత్త ఓక్‌లో పోస్తే దాని గొంతు వినపడదు అన్నాడు. కాస్త ముందే కోయాలి, స్టీల్ ట్యాంక్‌లో పులియబెట్టాలి, చలికాలమంతా అడుగున పేరుకున్న మడ్డి మీదే కదపకుండా వదిలేసి, వసంతంలో సీసాల్లో పోసి, లేతగా ఉండగానే తాగాలి. వాళ్లవైపు ఆల్చిప్పల మాంసంతో తాగుతారట. ఆయన చెప్పిందంతా అదే కాగితం వెనక రాసుకున్నాను.

అక్కణ్ణుంచి నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం చదివాడు, మడిచాడు, నాకు తిరిగిచ్చాడు.

"రేపు నువ్వు సెలవు తీసుకో" అన్నాడు.

నేను లేకుండా ఆ సంతకం తీసుకుంటాడని అర్థమైంది. సరే అని బయటికి వచ్చి, సెలవు ఒకరోజు ముందే మొదలుపెట్టి, దంపతుల ఇంటికి వెళ్లాను.

వాళ్లు వాకిట్లో కూర్చుని కొత్త నాలుగెకరాలకి పేపర్ మీద వరసలు గీసుకుంటున్నారు. నన్ను చూసి ఆవిడ ఐస్ టీ తెచ్చింది. నేను గ్లాసు ముట్టుకోకుండా అంతా చెప్పాను, ట్యాగ్ చేతిరాతతో సహా. మాస్టారు మధ్యలో ఆపలేదు. క్లాసులో పిల్లవాడు తప్పు లెక్క చెబుతుంటే చివరిదాకా వినే అలవాటేమో. అయ్యాక ఒకే ప్రశ్న అడిగాడు, నీకు ఎప్పటినుంచి తెలుసు అని.

మూడు వేసవుల నుంచి అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి నోట్‌బుక్ తెచ్చాడు. తెరవలేదు. దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"మాకే చేతకాదనుకున్నాం. ఆ మాట మా టేబుల్ దగ్గర, నీ ఎదురుగానే అన్నాం. నువ్వు మా తిండి తింటూ విన్నావు."

నేను సారీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నాకు ఆ రోజే తెలిసింది. ఆయన వాకిలి మెట్లు దిగి తీగల్లోకి వెళ్లిపోయాడు. నేను లేవబోతే ఆవిడ కూర్చో అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. ఈ తీగలకి అసలేం ఇష్టమో చెప్పు అని అడిగింది. పెద్దాయన కాగితం ఇచ్చాను. వరసలు గీసుకున్న పేపర్ తిప్పి, దాని వెనక మొత్తం కాపీ చేసుకుంది.

శనివారం వాళ్లు నర్సరీకి రాలేదు. ఫోన్ చేశారట. సోమవారం నన్ను తీసేస్తాడనుకుని నా బూట్లూ కత్తెరా సంచిలో సర్దుకునే వెళ్లాను. ఓనర్ నాతో మాట్లాడలేదు. ఆ వారమంతా మాట్లాడలేదు. వారం తర్వాత ఒక లిస్ట్ నా ముందు పడేశాడు. ఆ తీగలు కొన్న రైతులందరి పేర్లు.

"ట్యాగ్‌లు నీవి. నువ్వే చెప్పు. ట్రక్ నేను నడుపుతా."

అలా ఇద్దరం ఇంటింటికీ తిరిగాం. మొదటి మూడు ఇళ్ల దగ్గర ఆయన ట్రక్ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు. నాలుగో ఇంట్లో ఒక రైతు నన్ను తిట్టడం మొదలుపెట్టాడు, మా దేశం పేరుతో కలిపి తిట్టాడు. ట్రక్ తలుపు చప్పుడైంది. ఓనర్ వచ్చి నా ముందు నిలబడి, కొమ్మలు కొన్నది నేను, ఇతను చెబితే విననిదీ నేనే, నన్ను తిట్టు అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఇంటి దగ్గరా నాకంటే ముందే దిగాడు. కొందరు తీగలు నరికి మొద్దుల మీద రీస్లింగ్ అంటు కట్టించుకున్నారు. ఆ అంటు కట్టే పనంతా మేమే డబ్బు తీసుకోకుండా చేశాం. కొందరు పోనీలే అన్నారు. ఒక ముసలాయన తలుపు తియ్యలేదు. నా గ్రీన్ కార్డ్ ఫైల్ మీద సంతకాలు ఎప్పుడు పెట్టాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా అమ్మాయికి ఏడాది నిండాక కార్డ్ పోస్టులో వచ్చింది.

దంపతులు ఆ శరదృతువులో రెండు వారాలు ముందే కోశారు. పీపాలు పక్కన పెట్టి, ఒక డెయిరీ మూసేస్తుంటే పాల ట్యాంక్ కొని అందులో పోశారు. మరుసటి మే నెలలో ఆవిడ ఒక్కతే నర్సరీకి వచ్చింది, చేతిలో లేబుల్ లేని సీసా. ముఠా పెద్ద తన కాఫీ కప్పులు కడిగి తెచ్చింది. షెడ్‌లో నిలబడే తాగాం. పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క, చివర్లో నాలుక అంచున సన్నగా ఉప్పు. ముఠా పెద్ద కప్పు మళ్లీ చాపింది. ఓనర్ ఆఫీసులోంచి వచ్చి, ఆవిడ పోసింది తాగి, టోపీ తీసి మళ్లీ పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వాళ్లు వైనరీ తెరిచారు. లేబుల్ మీద నిజం పేరే, మెలోన్ అని వేశారు. వచ్చినవాళ్లంతా ఇది ఖర్బూజా పండుతో చేసిందా అని అడిగేవారట. ఆవిడ ఏళ్ల తరబడి కౌంటర్ వెనక నిలబడి అదే జవాబు చెప్పింది. మమ్మల్ని మళ్లీ భోజనానికి మాత్రం పిలవలేదు. దుకాణంలో కనిపిస్తే ఆవిడ పాపని ఎత్తుకునేది. మాస్టారు తల పక్కకి తిప్పుకునేవాడు. రైతుల మీటింగుల్లో నేను ఒక వరసలో కూర్చుంటే ఆయన ఇంకో వరస చూసుకునేవాడు. చివరిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని నేను తప్పుపట్టలేదు.

కానీ ఎనభైలు ముగిసేలోపు లోయలో ద్రాక్ష నాటాలని కొత్తగా వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నా షెడ్ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఎవరు పంపారంటే ఆయన పేరే చెప్పేవాళ్లు. నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి ఒక కుర్ర జంటని, ఆయన సరిగ్గా ఏమన్నాడని అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంచెం ఇబ్బందిగా చెప్పారు.

"మొక్కలు అతని దగ్గరే కొనండి, అన్నీ తెలిసినవాడు అన్నారు. కాకపోతే ఏదైనా రెండుసార్లు అడగండి అన్నారు."

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఎవరి చేతా రెండోసారి అడిగించుకోకూడదనే పనిచేశాను.